ఇంటి పంటకు పేరు, పేరునకు పూచీ

మన పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో సేద్యము చేయువారు అనేకులు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మెట్టభూములలో రాగులు, ఉలవలు, అనుములు, వేరుసెనగ పండించుచు, మామిడి, చింత తోపులు కాపాడుకొనుచు, తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా ఇచ్చట స్థిరపడియున్నవి. వీరిలో కొందరు ఇటీవల రసాయనిక ఎరువులను, పురుగుమందులను విడిచి సేంద్రియ సేద్యమునకు దిగినారు. పండిన పంటను బస్తాలతో దళారికి అప్పగించుటకు మారుగా, తామే శుభ్రపరచి, పిండి పట్టించి, ప్యాకెట్లు కట్టి, తమ పేరుతో అమ్ముకొనవలెనని కోరుచున్నారు. ఇది మెచ్చదగిన పూనిక. ఇట్లు చేసినచో రైతు కష్టమునకు వచ్చు ప్రతిఫలములో మరికొంత భాగము ఇంటనే మిగులును. చదువుకొన్న బిడ్డలకు ఊరిలోనే పని దొరకును.

అయితే ఈ పనికి పూనుకొనగానే ఇంటిలో పెక్కు ప్రశ్నలు పుట్టును. ఏ పేరు పెట్టవలెను? ఎట్టి సంచిలో నింపవలెను? దానిపై ఏమి వ్రాయవలెను, ఏమి వ్రాయరాదు? ఏ ముద్ర వేయవచ్చును? ఏ భాషలో అచ్చొత్తింపవలెను? అచ్చుపనివారు బొమ్మలు చూపుదురు, రంగులు చూపుదురు. కాని ఈ ప్రశ్నలకు జవాబు ఇంటివారే తెలిసికొనవలసియున్నది. వానిని వరుసగా విచారించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. అమ్మువాడు లేనిచోట

సంతలో రాగులు కొను ఇల్లాలు ముందుగా గుప్పెడు గింజలు చేతికి తీసికొని చూచును. నలిపి చూచును, వాసన చూచును, రెండు గింజలు నోట వేసికొని కొరుకును. తూకము ఆమె కన్నుల యెదుటనే జరుగును. అన్నిటికంటె ముఖ్యముగా, అమ్మువాని ముఖము ఆమెకు తెలియును. సరకు బాగులేనిచో వచ్చే వారము అదే తావున అతనిని నిలదీయగలదు.

ప్యాకెట్టులో ఇవి యన్నియు మరుగుపడును. గింజ కనబడదు, వాసన తెలియదు, తూకము కానరాదు, అమ్మినవాడు ఎదుట ఉండడు. హోసూరు నుండి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లు. అచ్చట ఒక వంటయింటిలో మన రాగిపిండి ప్యాకెట్టును కత్తిరించు ఇల్లాలితో మనము మాటాడుటకు మిగిలియున్నది ఆ ప్యాకెట్టుపై అచ్చయిన నాలుగు మాటలు మాత్రమే. ఇంటివారు లేనిచోట ఇంటివారి తరపున పూచీపడునది ఆ కాగితమే.

కాబట్టి మేము ఒకే సూత్రమును చెప్పదలచినాము. ఇంటిపెద్ద సంతలో పదిమంది యెదుట నిలిచి చెప్పగల మాటనే ప్యాకెట్టుపై వ్రాయవలెను. చెప్పజాలని మాటను వ్రాయరాదు. అందమును గూర్చిన విచారణ దీని తరువాతిది. ఇక చెప్పబోవునదంతయు ఈ సూత్రమునకు వివరణమే.

2. మొదట కాపాడుట

ప్యాకెట్టు చేయవలసిన పనులు మూడు: లోని సరకును కాపాడుట, దానిని గూర్చి తెలుపుట, మరల కొనువారు గుర్తుపట్టునట్లు చేయుట. పెక్కుమంది మూడవదానితో మొదలుపెట్టుదురు. మొదటిదానితో మొదలుపెట్టుట ఉత్తమము. చక్కని బొమ్మ గల సంచిలో పిండి ముక్కిపోయినచో ఆ బొమ్మయే మనకు శత్రువగును. కొన్నవారు దానిని గుర్తుంచుకొని మరల కొనకుందురు.

సరకునుబట్టి సంచి యుండవలెను. పిండికి తేమయు గాలియు విరోధులు. సజ్జలలో నూనెపాలు హెచ్చు గనుక సజ్జపిండి త్వరలోనే చేదెక్కును. రాగులలో అది తక్కువ గనుక రాగిపిండి అంతకంటె ఎక్కువ దినములు నిలుచును. పసుపునకు, మిరపపొడికి వెలుతురు విరోధి. అద్దమువలె కనబడు సంచిలో నింపి దుకాణపు ముంగిట నుంచినచో రంగు వెలిసిపోవును. నువ్వులనూనె, వేరుసెనగనూనెలకును వెలుతురు హానియే. ముదురురంగు సీసా గాని, రేకుడబ్బా గాని వానికి తగినది. బెల్లము గాలిలోని చెమ్మను పీల్చుకొని వానకాలమున నీరుకారును. పప్పులు, ఉలవలు బాగుగా ఎండకుండ మూసినచో లోపలనే పుచ్చిపోవును. ఎంత ఖరీదైన సంచియు ఎండబెట్టుటలోని లోపమును సరిదిద్దజాలదు.

ఇటీవల సేంద్రియ వస్తువులకు గుడ్డసంచులు, గోధుమరంగు కాగితపు సంచులు వాడుట పరిపాటియైనది. ఇవి కంటికి ఇంపుగనే యుండును. కాని వట్టి గుడ్డ పిండిని చెమ్మనుండి గాని, పురుగునుండి గాని కాపాడజాలదు. కాగితపు సంచులలో పెక్కింటికి లోపల సన్నని ప్లాస్టిక్ పొర అతికియుండును. అట్టి సంచిపై ‘ప్లాస్టిక్ లేనిది’ అని వ్రాసినచో అది అసత్యమగును. సంచి అమ్మువానిని అడిగి, లోని పొర దేనితో చేసినదో తెలిసికొన్న తరువాతనే దానిని గూర్చి ఏదైనను వ్రాయవలెను. పాత వార్తాపత్రికలలో తినుబండారములు చుట్టరాదు. అచ్చు సిరాలోని పదార్థములు ఆహారమున కలియును గనుక 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు దానిని నిషేధించినవి.

క్రొత్త సంచిని ఎంచుకొనునప్పుడు ఒక సులభమైన పరీక్ష చేయవచ్చును. పది ప్యాకెట్లు నింపి, ఇంటిలో ఒక చోట వరుసగా నుంచి, పదునైదు దినములకొకటి విప్పి, వాసనయు రుచియు చూచి, తేదీతో వ్రాసికొనవలెను. ఎన్నవ ప్యాకెట్టున మార్పు కనబడునో అంతకు చాలముందుగనే గడువు ముగియవలెను. పొరుగు వ్యాపారి ఆరు మాసములు వ్రాసినాడని మనమును ఆరు మాసములు వ్రాయుట తగదు. అతని సంచి వేరు, అతని పిండి వేరు.

3. చట్టము కోరు వివరములు

ప్యాకెట్టుపై తప్పనిసరిగా నుండవలసిన వివరములను ముఖ్యముగా రెండు చట్టములు నిర్ణయించుచున్నవి. ఒకటి తూనికలు కొలతలకు సంబంధించినది. దాని క్రింద 2011లో ప్యాకెట్టు సరకుల నిబంధనలు వెలువడినవి. రెండవది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము. దాని క్రింద లేబులును గూర్చిన నిబంధనలు 2020లో వెలువడినవి. రెంటిని కలిపి చూచినచో ఈ క్రింది వివరములు తేలును:

సరకు యొక్క వాడుక పేరు, కలిసిన పదార్థముల పట్టిక, పోషక విలువలు, సంచి బరువు పోగా మిగిలిన నికర బరువు, తయారుచేసిన లేక ప్యాకెట్టు కట్టినవారి పేరు, పూర్తి చిరునామా, తయారైన తేదీ, వాడవలసిన గడువు తేదీ, బ్యాచి సంఖ్య, పన్నులన్నియు కలుపుకొనిన గరిష్ఠ చిల్లర ధర, శాకాహారమని తెలుపు ఆకుపచ్చ చుక్క గుర్తు, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల సంఖ్య; ఫిర్యాదు చేయుటకు పేరు, దూరవాణి సంఖ్య.

వీనితోపాటు ఒక్కొక్క గ్రామునకు లేక కిలోకు ఎంత పడునో కూడ వ్రాయవలెను. మచ్చునకు, 500 గ్రాముల ప్యాకెట్టు ధర 60 రూపాయలైనచో గ్రామునకు 12 పైసలు. కొనువారు పెద్ద ప్యాకెట్టును చిన్న ప్యాకెట్టును పోల్చి చూచుకొనుటకు ఇది యేర్పడినది. నికర బరువు విషయమున ఒక జాగ్రత్త అవసరము. పిండి ప్యాకెట్టులో చెమ్మ తగ్గి కొన్ని గ్రాములు తరుగు రావచ్చును. ఆ తరుగునకు చాలునంత మొగ్గు వేసి నింపుట మన పెద్దల సంతనీతి. నేడును అదియే మంచి నీతి.

ఈ వివరములను కొందరు పీడగా తలచి, సంచి అడుగున చీమతలకాయలంత అక్షరములతో ఇరికించుదురు. మా యభిప్రాయము వేరు. చిరునామా, బ్యాచి సంఖ్య, తేదీ – ఇవియే చిన్న కుటుంబమునకు పెద్ద బలములు. పెద్ద సంస్థ ప్రకటనలకు ధనము వెచ్చించగలదు. మనము ఊరి పేరు, తాలూకా పేరు, పిండి పట్టించిన తేదీ కనబడునట్లు వ్రాయగలము. ‘ఈ పిండి మొన్న పట్టించినది, ఈ ఊరిలో పట్టించినది’ అని తెలియుట కొనువారికి ఏ బొమ్మకంటెను విలువైన సమాచారము.

4. సేంద్రియమను మాట

ప్యాకెట్టుపై వ్రాయు మాటలలో మిక్కిలి బరువైనది ఇదియే. ఈ మాటతో ధర పెరుగును. కనుక ఆశయు పెరుగును.

భారతదేశమున సేంద్రియ ధ్రువీకరణకు రెండు మార్గములు గలవు. మొదటిది 2001లో ఆరంభమైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము. దీనియందు రైతుతో సంబంధము లేని మూడవ పక్షపు సంస్థ పొలమును, పత్రములను తనిఖీ చేసి ధ్రువపత్రమిచ్చును. తమిళనాడులో కోయంబత్తూరు కేంద్రముగా గల రాష్ట్ర సేంద్రియ ధ్రువీకరణ శాఖ ఈ పని చేయుచున్నది. విదేశములకు పంపువారికి ఈ మార్గము అవసరము. రెండవది పి.జి.ఎస్. ఇండియా. దీనియందు ఒక ప్రాంతపు రైతులు కనీసము అయిదుగురు గుంపుగా చేరి, ఒకరి పొలమును ఒకరు తనిఖీ చేసి, ఒకరికొకరు పూచీపడుదురు. ఖర్చు తక్కువ గనుక చిన్న కుటుంబములకు ఇది అందుబాటులో నున్నది. 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారము ఈ రెండు మార్గములలో ధ్రువీకరణ పొందిన సరకుపై ‘జైవిక్ భారత్’ ముద్ర వేయబడును.

తాను పండించినదానిని తానే నేరుగా వినియోగదారునికి అమ్ముకొను చిన్న రైతునకు ధ్రువీకరణ నుండి మినహాయింపు కలదు. అయినను అట్టివాడు జైవిక్ భారత్ ముద్ర వాడరాదు. 1999 నుండి తమిళనాడులో నడచుచున్న ఉళవర్ సందైలవంటి రైతు బజారులలో ముఖాముఖి అమ్మువారికి ఈ మినహాయింపు ఉపకరించును; దూరపు దుకాణమున అరలో నిలుచు ప్యాకెట్టుకు ఉపకరింపదు.

ఇక అసలు చిక్కు ఇచ్చట గలదు. రసాయనములు మానిన మరునాడే పొలము సేంద్రియము కాదు. మొదటి మార్గమున ఏడాది పంటలకు విత్తుటకు ముందు రెండు సంవత్సరములు, మామిడివంటి బహువార్షికములకు కోతకు ముందు మూడు సంవత్సరములు మార్పుకాలమని నియమము. ఒక కుటుంబము నాలుగు ఎకరములలో మందులు మాని ఒక సంవత్సరము గడచినదనుకొందము. దిగుబడి తగ్గినది, కలుపు తీయు కూలి పెరిగినది, చేతిలో డబ్బు లేదు. అట్టి సమయమున అచ్చుపనివాడు ‘సేంద్రియ’ అని పెద్ద అక్షరములతో వేయుదునా అని యడుగును. పొలమున మందు లేదుగదా, వేసిన తప్పేమని ఇంటివారికి తోచుట సహజము.

అయినను వేయరాదు. మందు వేయుట లేదన్నది నిజమే. కాని సేంద్రియమను మాటకు చట్టమున ఒక నిర్ణయమైన అర్థము కలదు, ఆ అర్థము ఇంకను ఆ పొలమునకు సిద్ధింపలేదు. మరి ఆ రెండేండ్లు ఏమి చేయవలెను? పి.జి.ఎస్. గుంపులో చేరినవారికి మార్పుకాలమున ‘పి.జి.ఎస్. ఇండియా గ్రీన్’ అను వేరు గుర్తు కలదు. కాలము నిండిన పిమ్మట ‘పి.జి.ఎస్. ఇండియా ఆర్గానిక్’ లభించును. గుంపులో చేరనివారు ఇంటి పేరుతో, ఊరి పేరుతో మామూలు రాగిపిండిగనే అమ్మవలెను. ఆ రెండేండ్లలో వచ్చు ధర తక్కువయే. కాని పేరు నిలుచును. సరకును పరీక్షించు ప్రయోగశాలలు నేడు దూరమున లేవు. ఒక్క ప్యాకెట్టులో మందు అవశేషము బయటపడినచో నష్టపోవునది ఆ కుటుంబము మాత్రమే కాదు. ఆ ఊరి పేరు చెప్పుకొని అమ్ము ప్రతి కుటుంబమును నష్టపోవును. గట్టునకు ఆవలి పొలమువారు మందు కొట్టినప్పుడు గాలికి తుంపరలు వచ్చి పడకుండ సరిహద్దున కొంత భూమిని విడిచి, దానిపై పండినదానిని వేరుగా నుంచవలెనన్న నియమమును ఇందుకొరకే యేర్పరచినారు.

సేంద్రియమను మాటవంటివే మరికొన్ని గలవు. ‘సహజమైనది’, ‘స్వచ్ఛమైనది’, ‘సంప్రదాయమైనది’ అను మాటలను ఇష్టమువచ్చినట్లు వాడుటను 2018 నాటి ప్రకటనల నిబంధనలు కట్టడిచేసినవి. ‘మధుమేహమును మాన్పును’, ‘కీళ్ళనొప్పులను పోగొట్టును’ అను మాటలు ఆహారపు ప్యాకెట్టుపై బొత్తిగా పనికిరావు. అట్టి ప్రకటనలను నిరోధించుటకు 1954లోనే ఒక చట్టమేర్పడినది. రాగులలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదనుట వాస్తవము. వాస్తవము చాలును, వైద్యము వైద్యులకు విడువవలెను.

5. పేరు ఎంచుకొనుట

పేరు పలుకుటకు సులభముగా, వినగానే గుర్తుండునట్లు ఉండవలెను. తెలుగువాడు, తమిళుడు, కన్నడిగుడు ముగ్గురును తడబడక పలుకగల పేరైనచో మరియు మేలు. రెండు మూడు అక్షరముల పేరు చాలును. ఇంటిపేరు, చేనికి తాతలనాటి నుండి వచ్చుచున్న పేరు, బావి పేరు, తోపు పేరు – ఇట్టివానిలో మంచి పేర్లు దొరకును. ప్రతి చేనికి ఒక పేరుండుట మన పల్లెల ఆచారము. ఆ పేర్లు మరియొకరి వద్ద నుండవు.

‘శుద్ధ’, ‘ప్రకృతి’, ‘గ్రీన్’ మున్నగు మాటలు ఇప్పటికే పెక్కుమంది వాడుచున్నవి. పైగా సరకు గుణమును మాత్రము తెలుపు మాటలను వ్యాపారచిహ్నముగా నమోదు చేయుట కష్టము. పేరు నిర్ణయించుకొనిన పిమ్మట, అచ్చునకు ఇచ్చుటకు ముందే, అదే పేరును గాని దానిని పోలిన పేరును గాని మరియొకరు నమోదు చేసికొన్నారేమో వ్యాపారచిహ్నముల రిజిస్ట్రీలో చూచుకొనవలెను. 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము ప్రకారము నమోదు పది సంవత్సరములు చెల్లును. తరువాత మరల పొడిగించుకొనవచ్చును. ఎవరి పేరున నమోదు చేయవలెనన్నది అన్నదమ్ములు ముందుగనే కూర్చుండి తేల్చుకొనదగిన విషయము. పొలమును పంచుకొనవచ్చును గాని పేరును రెండుగా చీల్చుట కష్టము.

ఊరి పేర్లను గూర్చి ఒక హెచ్చరిక. కొన్ని పేర్లకు భౌగోళిక సూచికగా రక్షణ కలదు. బ్యాడగి మిరపకు 2011లోను, ఈరోడ్ పసుపునకు, ఒడిశాలోని కంధమాల్ పసుపునకు, అరకు లోయ అరబికా కాఫీకి 2019లోను ఇట్టి నమోదు జరిగినది. వేరొకచోట పండిన పసుపును ఈరోడ్ పసుపని వ్రాయుట చట్టవిరుద్ధము. అరకు సంగతి గమనింపదగినది. ఆ మన్యమున చిన్న చిన్న తోటలు గల గిరిజన కుటుంబములు ఒకే క్రమశిక్షణతో పండించిన కాఫీ, అరకు పేరుతోనే 2017లో పారిస్ నగరమున దుకాణమునకెక్కినది. అచ్చటివారికి తెలియని ఒక కొండప్రాంతపు పేరు విలువగల పేరైనది. ఆ విలువ పేరులోని ధ్వనివలన రాలేదు. ఆ పేరు వెనుకనున్న తోటల నియమమువలన వచ్చినది.

6. అక్షరములు, రంగులు, బొమ్మలు

అచ్చుపనివారు అనేక రంగులు చూపుదురు. చిన్న కుటుంబమునకు రెండు రంగులు చాలును. ఖర్చు తగ్గును, గుర్తుంచుకొనుటయు సులభము. రాగిపిండికొక రంగు, ఉలవలకొక రంగు పెట్టి, పేరును గుర్తును మాత్రము అన్నిటిపై ఒకే తావున నుంచినచో అరలో దూరము నుండియే ఒక ఇంటి సరకని తెలియును.

మనది కాని విశాలమైన పచ్చని పొలము బొమ్మ, మన ఇంట లేని ఎద్దులబండి బొమ్మ వేయుటయు ఒకవిధమైన అసత్యమే. గింజ బొమ్మ, వెన్ను బొమ్మ, ఇంటి ముంగిటి ముగ్గు – ఇవి చాలును. దేవతల బొమ్మలు వేయకుండుట మేలని మా సలహా. సరకు అయిపోయిన పిదప సంచి చెత్తలోనికి, వీధిలోనికి పోవును, కాళ్ళక్రింద పడును. జాతీయ చిహ్నమును వ్యాపారమునకు వాడుటను 1950 నాటి చట్టము నిషేధించినది.

తెలుగు లిపి విషయమున ప్రత్యేకమైన శ్రద్ధ కావలెను. మన అక్షరమునకు పైన గుడులు, క్రింద వత్తులు ఉండును. ఇంగ్లీషు అక్షరములకు చాలునంత స్థలములో తెలుగును ఇరికించినచో పై వరుస వత్తులు క్రింది వరుస గుడులతో కలిసిపోవును. కాబట్టి వరుసల నడుమ ఎడము ఎక్కువ వదలవలెను, అక్షరము పరిమాణము కొంచెము పెంచవలెను. కంప్యూటరులో అచ్చునకు కూర్చునప్పుడు కొన్నిమారులు సంయుక్తాక్షరములు విడిపోయి, వత్తు పోయి పొల్లు నిలుచును. తెలుగు రాని అచ్చుపనివానికి అది కనబడదు. వేయి సంచులు అచ్చయిన తరువాత చూచుకొని లాభము లేదు. చిత్తుప్రతిని మన తెలుగు ఉపాధ్యాయులకు చూపి దిద్దించుకొనవలెను.

చిత్తుప్రతికి చేయి చాచినంత దూరమున రెండు పరీక్షలు పెట్టవలెను. ఇంటిలోని అవ్వ తేదీని, ధరను కండ్లద్దములతోనైనను చదువగలుగవలెను. అయిదవ తరగతి బిడ్డ పేరును తడుముకొనక చదువవలెను. ఇద్దరును చదివినచో అచ్చునకు పంపవచ్చును.

7. ఏ భాషలో వ్రాయవలెను

ఈ ప్రశ్న మనవంటి కుటుంబములకు ప్రత్యేకమైనది. చట్టము కోరు వివరములు ఇంగ్లీషున గాని, దేవనాగరి లిపిలో హిందీన గాని ఉండవలెను. వానికి అదనముగా ఏ భారతీయ భాషలోనైనను వ్రాయవచ్చును. ఒక భాషలో వ్రాసినది మరియొక భాషలో వ్రాసినదానికి విరుద్ధముగా ఉండరాదు.

ఒకే గింజకు ఎన్ని పేర్లున్నవో చూడుడు. మనము రాగులందుము, ఉత్తరాంధ్రమున చోళ్ళు, తెలంగాణమున తైదలు అందురు. తమిళమున కేళ్వరగు, కన్నడమున రాగి, ఒడియాలో మాండియా, మరాఠీలో నాచణి. మనము సంగటి అన్నదే తమిళులకు కళి, కన్నడిగులకు ముద్దె. కొనువాడు తన వంటయింటి పేరుతోనే సరకును గుర్తించును. కనుక హోసూరున అమ్ముదానిపై తమిళమున, బెంగుళూరునకు పంపుదానిపై కన్నడమున సరకు పేరు స్పష్టముగా వ్రాయుట వ్యాపారధర్మము; ఇరుగుపొరుగువారి యెడల మర్యాదయు. ఇందులో మన భాషకు లోపమేమియు లేదు.

అయితే తెలుగును పూర్తిగా విడువవలెనా? విడువనక్కరలేదు. మన ఇండ్లలో తెలుగు మాట వినబడును గాని తెలుగు అక్షరము అంతగా కనబడదు. బిడ్డ బడిలో నేర్చిన లిపికి ఇంటిలో చదువుకొన దగినది మిక్కిలి తక్కువ. అట్టిచోట తన ఇంటి పేరు, తన చేని పేరు, అవ్వ పలుకు పంట పేరు అచ్చయిన సంచిని బిడ్డ దినదినము చూచినచో, ఆ లిపి పరీక్షకొరకు మాత్రమే కాదని, ఇంటి పనికిని, జీవనమునకును చెందినదని తెలిసికొనును. పేరు తెలుగు లిపిలో పైన, సరకు పేరు కొనువారి భాషలో దాని క్రింద, చట్టపు వివరములు ఇంగ్లీషున వెనుక – ఈ వరుస మాకు సమంజసముగా తోచుచున్నది. నాలుగు భాషలను ఒకే ముఖమున క్రిక్కిరియునట్లు వేయుటకంటె, ఊరినిబట్టి అతికించు చిన్న చీటీలు వేరుగా అచ్చువేయించుకొనుట చౌకయు, చదువ ననువైనదియు.

8. సంచికి వెనుక పుస్తకము

ఇంతవరకు చెప్పినదంతయు ఒక నోటుపుస్తకముపై ఆధారపడియున్నది. ఏ చేనిలో ఏ దినమున విత్తినారు, ఏ ఎరువు ఎంత వేసినారు, విత్తనమెచ్చటిది, కోత యెప్పుడు, ఎన్ని బస్తాలైనవి, ఏ దినమున పిండి పట్టించినారు – ఇవి వ్రాసియున్ననే ప్యాకెట్టుపై బ్యాచి సంఖ్యకు అర్థముండును. మచ్చునకు ‘తూ–2–14’ అని వ్రాసినచో తూర్పుచేను, రెండవ కారు, పదునాలుగవ మారు పట్టించిన పిండి అని ఇంటివారు గ్రహింపగలరు. ఎవరైనను ప్యాకెట్టు పట్టుకొని వచ్చి పిండి చేదుగా నున్నదన్నచో, ఆ సంఖ్యను చూచి, ఆ దినమున పట్టించిన మిగిలిన ప్యాకెట్లు ఏ దుకాణములకు పోయినవో తెలిసికొని వెనుకకు తెప్పింపవచ్చును. సంఖ్య లేనిచో సరకునంతయు అనుమానింపవలసివచ్చును. ధ్రువీకరణకు వచ్చువారును మొదట అడుగునది ఈ పుస్తకమునే.

మరయాడించుటకు వెళ్ళునప్పుడు మరియొక జాగ్రత్త కావలెను. పిండిమరలో ముందుగా ఇతరుల సరకు ఆడియుండును. మన సరకు వేయుటకు ముందు మరను శుభ్రపరచి, మొదట వచ్చిన కొద్దిపాటి పిండిని ప్యాకెట్లలో చేర్చక వేరుగా తీసి, ఆ సంగతిని పుస్తకమున వ్రాయవలెను.

పుస్తకము వ్రాయు పనిని ఇంటిలోని పిల్లలకు అప్పగింపవచ్చును. తేదీలు, తూకములు, లెక్కలు – ఇది బడి చదువునకు తోడగు పని. తెలుగులో వ్రాసినను తప్పులేదు. తనిఖీకి వచ్చువారికి అవసరమైనచో ఇంగ్లీషున మరియొక ప్రతి తీయవచ్చును.

9. మొదటి సంవత్సరము

ఆరంభముననే అయిదువేల సంచులు అచ్చువేయించుట తగదు. ఎక్కువ సంఖ్యలో సంచి ఒక్కింటికి ఖర్చు తగ్గుననుట నిజమే. కాని చిరునామా మారినను, ధర మారినను, నిబంధన మారినను, ఒక అక్షరము తప్పినను సంచులన్నియు వ్యర్థమగును. మొదటి సంవత్సరము అచ్చులేని సాదా సంచులు కొని, వందల లెక్కన అచ్చువేయించిన లేబులు అతికించుట క్షేమము. తేదీ, బ్యాచి సంఖ్య, ధర రబ్బరు ముద్రతో వేసికొనవచ్చును. ముద్ర చెరగకుండ, చదువుటకు వీలుగా నుండవలెను.

ఖర్చు లెక్కలో సంచి, లేబులు, ముద్ర, ప్యాకెట్టు కట్టు కూలి, చిరిగి చెడిపోవు సంచులు, దుకాణమునుండి తిరిగి వచ్చు సరకు – అన్నిటిని చేర్చవలెను. ఇంటి ఆడవారి కూలిని లెక్కింపకుండుట మన ఇండ్లలో పెద్ద లోపము. ఎండబెట్టుట, ఏరుట, చెరుగుట, నింపుట వారి చేతులమీదుగనే జరుగును. ఆ కూలిని చేర్చక కట్టిన ధర నిజమైన ధర కాదు; అట్టి వ్యాపారము లాభమున నున్నట్లు కనబడుచునే ఇంటిని అలయజేయును.

ఒకటి రెండు సరకులతో ఆరంభించుట మంచిది. పొలమున బాగుగా పండునది, ఇంటివారు దినమును తినునది, ఊరివారు ఇదివరకే మెచ్చుకొన్నది – అట్టి సరకును మొదట ఎంచుకొనవలెను. ఒకే ప్రాంతమున అయిదారు కుటుంబములు పి.జి.ఎస్. గుంపుగా చేరినచో ధ్రువీకరణయు, సంచుల కొనుగోలును, పిండిమర ఏర్పాటును ఉమ్మడిగా జరుపుకొనవచ్చును. పిల్లలను చేర్చుటకు, తీసికొనిపోవుటకు బడికి వచ్చు తల్లిదండ్రులు ఈ విషయమై ఒకరితోనొకరు మాటాడుకొన్నచో గుంపు ఏర్పడుట కష్టము కాదు.

లేబులు అచ్చునకు ఇచ్చు ముందు ఇంటివారందరును కూర్చుండి దానిని బిగ్గరగా చదువవలెను. ప్రతి మాట వద్దను ఆగి, ‘కొన్నవారు ఈ ప్యాకెట్టు చేతబట్టుకొని మన గుమ్మమునకు వచ్చి, దీనిని చూపుడని యడిగినచో ఏమి చూపుదుము?’ అని ప్రశ్నించుకొనవలెను. చేను చూపగలిగినచో, పుస్తకము చూపగలిగినచో, ధ్రువపత్రము చూపగలిగినచో ఆ మాట ఉండవచ్చును. చూపుటకు ఏమియు లేని మాటను అచ్చటనే కొట్టివేయవలెను.